మూడు మంచి మాటల తర్వాత

పొద్దున్నే టీ కప్పు అందుకుని ఒక గుక్క తాగి, ఆయన "టీ బాగుంది" అన్నాడు.

అందులో ఏముంది, అనుకుంటారేమో! ఇరవై మూడేళ్ళ కాపురంలో టీ గురించి ఆ మనిషి నోట్లోంచి వచ్చిన మాటలు రెండే. ఒకటి "ఇంకా కాలేదా?", రెండోది "చల్లారిపోయింది". బాగుంటే నోరు మూసుకుని తాగడం, బాగోకపోతే మొహం ముడుచుకుని తాగడం ఆయన పద్ధతి. అలాంటివాడు బాగుందన్నాడంటే ఏ ఇల్లాలికైనా గుండెల్లో రాయి పడదూ? ఆమెకీ పడింది.

రెండో గుక్కకి, "ఆ నీలం కర్టెన్లకి అంచు భలే సాఫుగా కుట్టావు" అన్నాడు. మూడో గుక్కకి, "నిన్న పక్కింటావిడ అంతలా కేకలేస్తున్నా నువ్వు నెమ్మదిగానే మాట్లాడావు. ఆ ఓర్పు నాకు లేదు" అన్నాడు. తర్వాత కప్పు కింద పెట్టి, గొంతు సవరించుకుని, ఆమె కళ్ళలోకి చూశాడు. పెదాలు కదిలాయిగానీ మాట బయటికి రాలేదు. "సరే, వెళ్ళొస్తా" అని భోజనం డబ్బా తీసుకుని గబగబా మెట్లు దిగిపోయాడు.

ఇది ఆ ఒక్క రోజు భాగోతం కాదు. రెండు వారాలుగా రోజూ ఇంతే. మూడు మంచి మాటలు, ఒక గొంతు సవరింపు, ఆ తర్వాత పరుగు!

ఆమె ముందు గదిలో మిషను పెట్టుకుని కర్టెన్ల షాపుకి కుట్టిపెడుతుంది. ఆయన చెప్పుల అడుగులు తయారుచేసే ఫ్యాక్టరీలో చాలా ఏళ్ళు ప్రెస్ మీద పనిచేసి, ఈమధ్యే ఫ్లోర్ మేనేజరయ్యాడు. అప్పట్నుంచీ తెల్ల చొక్కా, జేబులో పెన్ను, చంకలో ఒక పుస్తకం. ఆ పుస్తకాలకి న్యూస్‌పేపరు అట్టలు వేసి, బాత్‌రూములో కూర్చుని చదువుతాడు. అంత దాచుకుని చదివే సంగతులేమిటో మరి.

కుట్టిన కర్టెన్లు ఇవ్వడానికి వెళ్ళినప్పుడు షాపావిడ దగ్గర ఈ గోడు వెళ్ళబోసుకుంది. ఆవిడ కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి, "మొగుడు ఉన్నట్టుండి పొగుడుతున్నాడంటే బయటేదో వెలగబెట్టి ఉండాలి, లేకపోతే వెలగబెట్టబోతూ ఉండాలి. నువ్వు మాత్రం కళ్ళు తెరుచుకుని ఉండు" అంది. అసలే మండుతున్న కడుపులో ఇంకాస్త నూనె పోసి పంపించింది మహాతల్లి.

ఇంటికొచ్చి ఆయన చొక్కాలన్నీ వాసన చూసింది. రబ్బరు, జిగురు, చెమట. ఈ కంపు భరించి దగ్గరికొచ్చే ఆడది ఈ భూమ్మీద తను తప్ప ఇంకొకత్తె ఉండదని తేల్చుకుంది. ఆ అనుమానం తీరింది. కానీ మర్నాడు బాత్‌రూము తలుపవతల నుంచి ఆయన గొంతు వినబడింది. అద్దంతో కాబోలు, "నువ్వు ఈ ఇంటి కోసం ఎంతో కష్టపడ్డావు. నీ మీద నాకు చాలా గౌరవం. కానీ..." అంటున్నాడు. అక్కడ కుళాయి తిప్పేశాడు. మిగతాదంతా నీళ్ళ హోరులో కొట్టుకుపోయింది.

కానీ? కానీ ఏమిటి?

ఆ ఒక్క మాట ఆమెని తినేసింది. ఉద్యోగం ఊడిందా? ఒంట్లో ఏదైనా రోగం బయటపడిందా? తనని వదిలించుకుంటాడా? మిషను తొక్కుతుంటే కుట్టు వంకర పోయింది. ఆ కర్టెనుకి దారం విప్పి మళ్ళీ కుట్టాల్సొచ్చింది.

ఆదివారం పొద్దున ఆయన క్షౌరానికి వెళ్ళగానే కూతుర్ని లేపింది. కామర్సు చదివే పిల్ల. సెలవు రోజున పొద్దెక్కేదాకా ముసుగు తీయదు, అందుకే ఇంట్లో దాన్ని గుడ్లగూబ అంటారు.

"లేవ్వే! మీ నాన్న నా కొంపేదో ముంచబోతున్నాడు."

జరిగిందంతా విని గుడ్లగూబ పకపకా నవ్వింది. "అమ్మా, ఇవన్నీ మేనేజ్‌మెంటు మాటలు! మాకూ క్లాసులో చెప్పారు. ఉండు" అని, బీరువా మీద దుప్పట్ల కింద దాచిన పుస్తకాలు లాగి, పైన వేసిన పేపరు అట్టలు ఊడదీసింది. ఒక అట్ట మీద చేతులు కట్టుకుని పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్న కోటువాడు. ఇంకోదాని మీద కొండెక్కి చేతులు చాపినవాడు. పేజీలు తిరగేసి, "ఇదిగో, విను. 'కింది మనిషికి చేదు వార్త చెప్పే ముందు, అతనిలో మీకు నిజంగా కనబడిన మూడు మంచి విషయాలు చెప్పండి. లేనివి చెప్పకండి, పట్టుబడతారు.' చూశావా! నాన్న నిన్ను ఉద్యోగంలోంచి తీసేస్తున్నాడు" అంది.

"నన్ను తీసేసి ఎవత్తెని పెట్టుకుంటాడట?"

"అబ్బా, జోకేశానమ్మా!"

"నీకు జోకే. నాకు కాళ్ళూ చేతులూ ఆడటంలేదు" అంది ఆమె. ఇన్నాళ్ళ మాటలూ తీపి పూత అయితే లోపల మాత్ర ఏదో ఉండే ఉంటుంది కదా!

ఆయన బ్రెడ్డు పొట్లంతో లోపలికొచ్చాడు. బల్ల దగ్గర భార్య, ఆమె ముందు వరసగా పుస్తకాలు. గుడ్లగూబ ఎప్పుడో లోపలికి తప్పుకుంది. ఆయన కాసేపు గుమ్మంలోనే నిలబడి, చివరికి ధైర్యం తెచ్చుకుని, "నువ్వు ఈ ఇల్లు ఎంత శుభ్రంగా..." అని మొదలుపెట్టాడు.

"ఆపండి! ఇల్లు శుభ్రం, టీ బాగుంది, కుట్టు సాఫు. మూడూ నేనే చెప్పేశాను. ఇక ఆ నాలుగోది కక్కండి."

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. కొత్తగా కత్తిరించిన జుట్టు మెడ మీద గుచ్చుతుంటే గోక్కున్నాడు.

"బుడ్డోడి సంగతి" అన్నాడు.

బుడ్డోడంటే ఆమె తమ్ముడు. ముప్పై ఏళ్ళొచ్చినా ఆమెకి వాడు బుడ్డోడే. తల్లి పోయిన నాటికి వాడింకా చెప్పులు కుడి ఎడమలు తెలీకుండా వేసుకునేవాడు. పెంచింది ఆమే. పెళ్ళయి ఈ ఇంటికొస్తూ కూడా చేయి పట్టుకుని తెచ్చుకుంది. పెద్దయ్యాక ఫ్యాక్టరీలో పెట్టించి, పక్కన నిలబెట్టుకుని ప్రెస్ పని నేర్పింది ఈయనే.

"వాడికేమైంది?"

"ఇంకా ఏమీ కాలేదు. అదే నా భయం."

ముక్కలు ముక్కలుగా చెప్పాడు. ప్రెస్ ముందు ఒక ఇనుప జాలీ తలుపు ఉంటుంది. అది మూస్తేనే కోత అచ్చు కిందికి దిగి రబ్బరు రేకుని కోస్తుంది. తెరిచి ఉంటే దిగదు, చేతులు నలగకుండా ఆ ఏర్పాటు. ప్రతిసారీ తెరిచి మూస్తూ కూర్చుంటే పని నెమ్మదిస్తుందని, జాలీ తెరిచి ఉన్నా మిషను మూసే ఉందనుకునేలా బుడ్డోడు దాని మీటని తీగతో కట్టేస్తున్నాడు. అందరికంటే ఎక్కువ కోసి, భేష్ అనిపించుకుంటున్నాడు.

"రెండుసార్లు తీగ విప్పించాను, నచ్చజెప్పాను. 'నువ్వు మా బావవి, నన్నేం చేస్తావులే' అన్నాడు, అందరి ముందూ! రేపట్నుంచి వాణ్ణి ప్రెస్ మీంచి తీసేసి ప్యాకింగులో వేస్తున్నాను. జీతం తగ్గుతుంది."

"ఓహో! మేనేజరుగారి పెత్తనానికి ఇంటి మనిషే దొరికాడన్నమాట! వాడి పొట్ట కొట్టి మీరు కోటు తొడుక్కుని పళ్ళికిలించాలా?" ఆమె ఆ అట్ట మీది నవ్వుని అరచేత్తో చరిచింది. "వాడు నా బిడ్డండీ! నేను అడిగినా ఆపరా?"

"ఆపను."

"ఏడిచినా?"

"ఏడిచినా ఆపను. అందుకే చెప్పలేకపోయాను. వాడికి చెప్పడం కష్టం కాదు. నీకు చెప్పాలంటేనే నోరు పెగల్లేదు."

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. "అయితే అవన్నీ ఉత్త మాటలేనా? నా మొహానికి ఇన్నేళ్ళకి ఒక మంచి మాట దక్కిందని లోపల్లోపల మురిసిపోయాను కూడా. అనుమానపడుతూనే మురిశాను. సిగ్గులేనిదాన్ని!"

ఆయన తల ఎత్తాడు. "లేనివి చెప్పొద్దని ఉందిగా అందులో. అందుకని రోజూ నిన్ను చూడాల్సొచ్చింది. ఇంతకుముందు నిన్ను నిజంగా ఎప్పుడైనా చూశానా నేను? ఒక్కరోజైనా చెప్పిందే చెప్పానేమో గుర్తుచేసుకో. వెతక్కుండానే దొరికేవి. అవి చెప్పాక ఇక ఆ చేదు మాట చెప్పబుద్ధి అయ్యేది కాదు."

ఆమె మొహం గోడ వైపు తిప్పేసుకుంది. క్షమించలేదు. కానీ మనసులో ఒక్కొక్క పొద్దుటినీ తిరగేసుకుంది. నిజమే, ఒక్కటీ రెండోసారి రాలేదు.

మెట్ల మీద ఈల వినబడింది. ఆదివారం భోజనానికి బుడ్డోడు రావడం మామూలే. "అక్కా, ఆకలి!" అంటూ లోపలికొచ్చి, ఇద్దరి మొహాలూ చూసి ఈల మింగేశాడు.

ఆయన లేచి నిలబడ్డాడు. "ఒరేయ్, నువ్వు మన సెక్షన్లో అందరికంటే చురుకైన..."

"మీరు కూర్చోండి" అంది ఆమె. తమ్ముడి వైపు తిరిగింది. "ఆ జాలీ మీటకి తీగ ఎందుకు కడుతున్నావురా?"

"ఓ, ఆఫీసుని ఇంటికి కూడా మోసుకొచ్చారా మేనేజరుగారు?" అని వాడు నవ్వబోయాడు. "అందరూ కడతారక్కా. నేను దొరికాను, అంతే."

వాదించడానికి నోరు తెరిచి ఆమె ఆగిపోయింది. రెండు వారాలుగా మొగుడి మీద పెట్టిన కళ్ళు ఇప్పుడు తమ్ముడి మీద పడ్డాయి. చేతులూపకుండా నాలుగు మాటలాడలేని వెధవ, వచ్చినప్పట్నుంచీ కుడిచెయ్యి జేబులోంచి తియ్యలేదు.

"చెయ్యి బయటికి తియ్యి."

"ఏంటక్కా..."

"తియ్యరా!"

తీశాడు. వేళ్ళన్నీ ఉన్నాయి. మధ్యవేలి గోరు మాత్రం నల్లగా కమిలిపోయింది. "తలుపులో పడింది" అన్నాడు.

"ఏ తలుపులో?"

వాడు బావ వైపు చూశాడు, నేల వైపు చూశాడు. "గురువారం... గ్లవ్ అంచు రేకుకి అంటుకుపోయిందక్కా. అచ్చు దిగుతోంది. చెయ్యి లాగేశాను. గ్లవ్ మాత్రం అక్కడే ఉండిపోయింది. దాని వేళ్ళు నాలుగూ తెగి కిందపడ్డాయి. ఖాళీ వేళ్ళు. నేనే ఏరి చెత్తలో పడేశాను."

ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. "గురువారం నేను ఆ హాల్లోనే ఉన్నాను కదరా! నాకెందుకు చెప్పలేదు?"

"ఉత్త బావగా ఉన్నప్పుడైతే చెప్పేవాణ్ణే. మేనేజరువయ్యాక ఎవడు చెప్తాడు? ఏం చెప్పినా పుస్తకంలోంచి మాట్లాడతావు. 'నీ కృషిని గుర్తిస్తున్నాం' అంటావు. దానికి నేనేమనాలి? భయమేస్తోంది బావా అనాలా?" వాడు కమిలిన గోరుని బొటనవేలితో రుద్దుకున్నాడు. "ఆ రోజు నుంచీ అచ్చు కింద చెయ్యి పెట్టాలంటే ఒళ్ళంతా చెమట. ప్రెస్ మీంచి తీసెయ్యమని అడిగితే పిరికివాడంటారు. అందుకే మళ్ళీ కట్టాను."

ఆయన తన పాత గొంతుతో, ప్రెస్ దగ్గర వాడికి పని నేర్పిన రోజుల్లోని గొంతుతో అన్నాడు. "నాకూ ఈ పని చేతకావట్లేదురా. ఎవరితో ఎలా మాట్లాడాలో తెలీక, పొద్దున్నే అద్దం ముందు నిలబడి అభ్యాసం చేస్తున్నాను. రేపట్నుంచి నువ్వు ప్రెస్ మీద కాదు, ప్యాకింగులో."

బుడ్డోడు ముక్కు తుడుచుకున్నాడు. "రేపు ఎన్నింటికి రావాలి, ప్యాకింగుకి?"

"ఎనిమిదింటికి. నేనూ వస్తా. కలిసే వెళ్దాం."

ఆమె ఇక ఆపుకోలేకపోయింది. తన బిడ్డ నోటి కూడు లాగేస్తున్నాడనుకుని ఈ మనిషిని ఎన్నెన్ని మాటలంది! ఈయన లాగింది వాడి చేతిని, ఆ అచ్చు కిందనుంచి. భోరుమని ఏడుస్తూ ఒక చేత్తో మొగుడి భుజం పట్టుకుంది, ఇంకో చేత్తో తమ్ముడి చెయ్యి ఒళ్ళోకి లాక్కుంది.

"ఏడవకే అక్కా. అన్నీ ఉన్నాయిగా."

"ఉన్నాయిరా" అంది ఆమె, ఒక్కొక్క వేలూ నొక్కి చూసుకుంటూ.