మెట్ల మలుపులో బీరువా

ఆ ఉదయం ఇంట్లో బీరువా దిగుతోంది. పై గదిలోంచి కిందికి దాన్ని దింపడమంటే మామగారికి రైలు పట్టా మార్చినంత పని. ట్రాక్ ముఠాకి మేస్త్రీగా చేసి రిటైరయినా ఆయన టైరవలేదు. పట్టాలు వదిలినా పట్టు వదల్లేదు.

"నువ్వు మెట్ల మలుపులో నిలబడమ్మా. ఎవరైనా పైకొస్తుంటే కేకెయ్యి. బీరువా మీద మాత్రం చెయ్యి వెయ్యకు," అని కోడలికి చెప్పి, పక్కింటి వెల్డరుతో కలిసి బరువెత్తాడు.

కోడలు నిలబడింది కానీ మనసు కోర్టులో ఉంది. ఆమె భర్త పట్టాల మీద వంగి బోల్టులు బిగిస్తుండగా రైలు గుద్ది చనిపోయాడు. రైలొస్తే ఈల వెయ్యాల్సిన కాపలా మనిషిని, ఆ సమయంలో సూపర్‌వైజరు పట్టా ఎత్తడానికి పిలిచాడు. అయినా చూసుకోకపోవడం పోయినవాడి తప్పేనని, తమకు బాధ్యత లేదని రైల్వే వాదన. ముఠా పద్ధతి ఎలా ఉంటుందో వచ్చి సాక్ష్యం చెప్పమని ఆమె ఎన్నిసార్లు బతిమాలినా, పనిలో ఉన్నవాడికి చెవులుండాలి అనేవాడు మామగారు. ఇవాళే వాయిదా.

బీరువా సగంలో ఇరుక్కుంది. భుజం కుంగేసరికి మామగారు, "ఒక్కసారి ఇటొచ్చి పట్టుకోమ్మా," అన్నాడు. ఆమె వెళ్లి ఓ మూల పట్టుకుంది. సరిగ్గా అప్పుడే టీ పళ్లెంతో అత్తగారు మలుపు తిరిగింది. వెనక్కి దిగుతున్న వెల్డరు ఆమెని గుద్దాడు. బీరువా జారి, గోడకి తగిలి ఆగింది. ప్రాణాలు దక్కాయి, టీ దక్కలేదు.

"చూసుకుని రావద్దూ?" మామగారు భార్య మీద విరుచుకుపడ్డాడు.

"బీరువా చీరలు దాచుకోవడానికనుకున్నాను. నన్ను దాచెయ్యడానికా?" అంది అత్తగారు చీర దులుపుకుంటూ.

కోడలు మెల్లగా అడిగింది. "తప్పు అత్తయ్యదా, మామయ్యా? మలుపులో మనిషిని పిలిచిందెవరు?"

ఆయన తల తిప్పి మలుపు వైపు చూశాడు. కోడలు ఆగలేదు.

"కాపలా ఉంటే తలెత్తకు, చూపు బోల్టు మీదే ఉంచు అని మీరే నేర్పారట. ఆఖరిదాకా ఆయన అదే చేశారు."

మామగారు మెట్టు మీద కూలబడ్డాడు. "వాడు నా మాట విన్నాడమ్మా. నేనే వాడి మాట వినిపించలేదు," అని, ముక్కు చీదుకుని, ఇస్త్రీ చొక్కా ఎక్కడుందని అడిగాడు.

కాపలాని కదిపినవాడిదే తప్పని కోర్టులో ఆయన విడమరిచి చెప్పేసరికి, రైల్వే వకీలు వాదన పట్టాలు తప్పింది. అదీ ఓ సాక్షేనంటూ, తీర్పు వచ్చేదాకా బీరువా ముట్టుకోవద్దన్నాడు మామగారు. ఇంటిల్లిపాదీ నెలల తరబడి మెట్ల మీద పీతల్లా పక్కవాటుగా నడిచారు.

పోయినవాడి తప్పేమీ లేదని, బాధ్యత రైల్వేదేనని తీర్పు వచ్చిన సాయంత్రం, బీరువా దింపడానికి వెల్డరు తన తమ్ముణ్ణి కూడా వెంటబెట్టుకొచ్చాడు. మామగారు మలుపులో నిలబడ్డాడు. కళ్లు తుడుచుకోవడానికి కూడా పక్కకి తిరగలేదు.

"ఇరుక్కుంటే ఇరుక్కోనీండి," అన్నాడు. "నన్ను మాత్రం పిలవకండి."