కొండల సందులో దుప్పట్లు

"పదీ పదికి మీ అక్కని కాల్చేస్తారు," అన్నాడు బాస్. గుడ్ మార్నింగ్ కూడా చెప్పలేదు.

గాలోడు గడియారం చూసుకున్నాడు. తొమ్మిదీ ముప్పైఐదు.

గాలోడు అన్నది డిపార్ట్‌మెంట్ పెట్టిన పేరు. ఏజెంట్ కాకముందు అతను షూటింగ్ రేంజ్‌లో కోచ్. వెయ్యి మీటర్ల పోటీల్లో షూటర్ పక్కన బోర్లా పడుకుని, గాలి ఎటు వీస్తోందో, తూటాని ఎంత పక్కకి నెడుతుందో చెప్పేవాడు. ఆ పేరు వింటే పిల్లనిచ్చేవాడు పారిపోతాడని ఆఫీసంతా ఏడిపించేది.

ఆఫీసంటే లాండ్రీ వెనక గది. రెండు కొండల సందులో, ఒక రాతి మిట్ట మీద ఉంది ఆ లాండ్రీ. ఒక కొండ మీద గెస్ట్ హౌస్, ఎదురు కొండ మీద నలభై పాడుబడ్డ బంగళాలు. అక్క చీఫ్ ఇంజనీరు. గెస్ట్ హౌస్ వరండాలో అవతలి దేశం ప్రతినిధి పక్కన నిలబడి, ఆమె పదీ పదికి నదీ ఒప్పందం మీద సంతకం చెయ్యాలి. అది జరగనివ్వకూడదని ఒక విదేశీ ముఠా కంకణం కట్టుకుంది.

బాస్ ఫోన్ అందించాడు.

"అక్కా, లోపల కూర్చుని సంతకం పెట్టు."

"లోపలికి దూరానంటే ఆయన విమానమెక్కేస్తాడు. సాకు కోసమే చూస్తున్నాడు. ఆరేళ్ళ పనిరా ఇది! బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్ వేసుకున్నాలే. నీ పని నువ్వు చూసుకో."

పెట్టేసింది. చిన్నప్పటి నుంచీ మొండిఘటమే. తలకి జాకెట్ ఉండదని ఇద్దరికీ తెలుసు.

బాస్ టేబుల్ మీద ఒక సిల్క్ బ్లౌజు పరిచాడు. "సెంటు సీసా ఉతకడానికి పంపింది. కాలర్ విప్పి చూడు."

సెంటు సీసా అన్నదీ డిపార్ట్‌మెంట్ పెట్టిన పేరే. ఆమె నడిచి వెళ్తే ఆ వీధికి గంటసేపు వాసన వదలదు. ముఠా షూటర్ పక్కన కూర్చుని గాలి చెప్పేది ఆమే. ఆమె మన మనిషని బాస్ నమ్మకం, తమ మనిషని ముఠా నమ్మకం. ఆమె నమ్మకం ఏమిటో ఎవరికీ తెలియదు.

కాలర్ లోపల పెన్సిల్ రాత: 'బంగళాల్లోంచి. మీ దుప్పట్లే జెండాలు.'

గాలోడికి వెంటనే అర్థమైంది. రేంజ్‌లో అయితే గాలి ఎటో చూపడానికి వంద మీటర్లకో జెండా ఉంటుంది. ఇక్కడ తూటా దారికి ఆ కొసా ఈ కొసా కొండ చాటున ఉన్నాయి, అక్కడ ఆకు కదలదు. మధ్యలో ఈ సందులో మాత్రం గాలి ఇరుక్కుని, జోరందుకుంటుంది. తూటాని ఒక మీటరు పైనే పక్కకి తోసేస్తుంది. మబ్బు పట్టింది కాబట్టి, గాలి ఎటో చెప్పే వేడి సెగ కూడా నేల మీద కనబడదు. గడ్డి లేదు, చెట్టు లేదు. షూటర్‌కి ఆ గాలి సంగతి చెప్పేవి లాండ్రీ డాబా మీద ఆరేసిన దుప్పట్లే.

"తీసేయించనా?" అన్నాడు బాస్.

"వద్దు సార్. తీసేస్తే ఇంకో గుర్తు వెతుక్కుంటాడు. నలభై బంగళాలు వెతికే టైం లేదు. వాణ్ణి కాల్చనివ్వాలి, చప్పుడు వినగానే డాబా మీది మైకులు వాడి చోటు చూపిస్తాయి. కానీ తప్పు కాల్చనివ్వాలి."

గాలోడు మెషీన్ గదిలోకి పరిగెత్తాడు. ఉతికే మేస్త్రీ అడ్డం పడ్డాడు.

"పిండకుండా ఆరేస్తావా? బుద్ధుందా నీకు? తాడు తెగుతుందయ్యా!"

"రెండు తాళ్ళు కట్టు బాబాయ్! అడక్కు!"

ఆరినవి దిగాయి, పదిహేను దుప్పట్లు నీళ్ళోడుతూ డాబా ఎక్కాయి. గాలికి గాలోడి చొక్కా పటపటా కొట్టుకుంటోంది. దుప్పట్లు మాత్రం గోడల్లా వేలాడుతున్నాయి. కానీ అంచుల నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. మంచి టెలిస్కోప్‌లో ఆ చుక్కలు కనబడతాయి, అవి ఏటవాలుగా పడడం కూడా కనబడుతుంది. ఆ టెలిస్కోప్ సెంటు సీసా చేతిలో ఉంది.

పదీ తొమ్మిది.

ఎదురు కొండ మీద, పదిహేడో బంగళాలో, షూటర్ తుపాకీకి చెంప ఆనించాడు.

"మధ్యలో గాలి?"

సెంటు సీసా చూసింది. చుక్కలు చూసింది. కళ్ళు టెలిస్కోప్ మీద నుంచి తియ్యలేదు.

"చెప్పు!"

"దుప్పట్లు కదలడం లేదు."

"నిన్న రెపరెపలాడాయిగా?"

"నిన్న గాలుంది. నమ్మకం లేకపోతే నువ్వే చూడు."

అతను స్కోప్ తిప్పి చూశాడు. దుప్పట్లు నిజంగానే కదలడం లేదు, తుపాకీ మీది చిన్న స్కోప్‌కి నీటి చుక్కలు అందలేదు. తుపాకీని మళ్ళీ వరండా మీదికి తిప్పి, గాలి లెక్క సున్నా దగ్గరే ఉంచాడు.

డాబా మీద గాలోడు బైనాక్యులర్స్‌లో అక్కనే చూస్తున్నాడు. ఆమె పెన్ను తీసింది. కాగితం మీదికి వంగబోయి, ఎందుకో ఆగి, తలెత్తి లోయ వైపు చూసింది. అక్కా, వంగవే అని గొణిగాడు.

ఢాం!

ఆమెకి మీటరు దూరంలో స్తంభం సున్నం రేగింది. గార్డులు ఆమెని కింద పడేశారు, ప్రతినిధిని కూడా. డాబా మీద అమర్చిన మూడు మైకులూ ఆ చప్పుడు విని పదిహేడో నంబరు చూపించాయి. రెండు నిమిషాల్లో కమాండోలు తలుపు పగలగొట్టారు.

అక్క ఆ ఒప్పందం మీద నేల మీద బోర్లా పడుకునే సంతకం పెట్టింది. పక్కన పడుకున్న ప్రతినిధి పారిపోయే వీల్లేక తనూ పెట్టాడు.

గాలోడు తడి డాబా మీద చతికిలబడి, మేస్త్రీ చూస్తుండగానే వెక్కివెక్కి ఏడ్చాడు.

మధ్యాహ్నం సెంటు సీసాని వెనక గదికి తీసుకొచ్చారు. ఊళ్ళో వాళ్ళు చూడాలని వేసిన బేడీలు ఇంకా చేతులకే ఉన్నాయి.

"నీళ్ళు కారడం చూశావా?" అడిగాడు గాలోడు.

"చూశాను."

"మరి వాడికి చెప్పలేదేం?"

ఆమె బేడీల చేతులతోనే జుట్టు సర్దుకుంది.

"వాడు అడిగింది గాలి గురించి. తడి గురించి నన్నెవరూ అడగలేదే!"