గాలి అని రాయను

రాచర్ల దాటాక పొలాల మధ్య ఉన్న ఆ సబ్‌స్టేషన్‌లో మిట్టమధ్యాహ్నం పూట మనుషుల అలికిడి ఉండదు. ట్రాన్స్‌ఫార్మర్ మూలుగు, వేడెక్కిన నూనె వాసన, అంతే. షిఫ్ట్ ఆపరేటర్ అరుణ అన్నం గిన్నె మూత తీసిందో లేదో గంట మోగింది.

ట్రాన్స్‌ఫార్మర్ తొట్టికీ, పైనున్న నూనె డ్రమ్ముకూ నడుమ గొట్టంలో అద్దం బిగించిన ఇనప డబ్బా ఒకటుంటుంది. లోపల ఎక్కడైనా తీగ కాలితే నూనె మరిగి, గ్యాసు పుట్టి అందులో చేరుతుంది. కొంచెం చేరితే గంట మోగుతుంది. ముంచుకొస్తే కరెంటు దానంతటదే ఆగాలి. ఇక్కడ ఆగదు. ఊరికే ఆగిపోతోందని కరెంటు ఆపే ఆ తీగను పైవాళ్లు ఎప్పుడో పీకించేశారు.

వారంలో ఇది నాలుగో గంట. రిజిస్టర్‌లో మూడుసార్లూ ఒకటే మాట: "గాలి". నూనెలో చిక్కుకున్న ఉత్త గాలే, భయం లేదని అర్థం. అందులో ఒకటి అరుణ రాసిందే, చూడకుండా. రెండేళ్ల కింద ఇక్కడి ఆపరేటర్ అబ్రహాము మామ కూడా అదే రాసి యార్డులోకి వెళ్లాడు. పాత ట్రాన్స్‌ఫార్మర్ పేలి ఆ మంటల్లోనే పోయాడు.

ఇంజనీరు సంజీవరావుకు ఫోన్ చేసింది.

"గాలే అని రాసుకో. మోటార్లు ఆగినాయంటే రైతులు నా మీదికొస్తారు. ఆపితే రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు."

నాయన మందులూ, పిల్ల చదువూ ఆ కాంట్రాక్టు ఉద్యోగం మీదే నడుస్తున్నాయి. అయినా అరుణకు ఒళ్లు మండింది. రబ్బరు గొట్టం, ఖాళీ సీసా తీసుకుని బయల్దేరింది. యార్డు గేటు దగ్గర వాచ్‌మన్ బుడే సాహెబ్ అడ్డొచ్చాడు.

"పోవద్దు బిడ్డా. దానికి గాలి సోకింది. అబ్రహామే."

"మనిషికి సోకితే వేపమండలు. దీనికి అగ్గిపుల్ల చాలు తాతా."

డబ్బా నుంచి కిందికి దిగిన కుళాయికి గొట్టం తగిలించింది. మూలుగు మధ్యలో ఇంకేదో చప్పుడు. టక్... టక్... టక్. అబ్రహాము స్పానరుతో అట్లాగే తట్టేవాడు, మూడుసార్లు. ఇది లోపలి నుంచి వస్తోంది.

మెడ మీద వేడి ఊపిరి. కాలిన నూనె వాసన.

"గాలే అమ్మా... గాలే... రాసెయ్..."

భయమేసింది, దాచడమెందుకు. కానీ కోపం అంతకంటే పెద్దదైంది.

"చచ్చినా బుద్ధి రాలేదా మామా," అంది గొంతు తగ్గించి. సీసాలోకి గ్యాసు పట్టి, మూతి బొటనవేలితో మూసి, వెనక్కి తిరగకుండా గేటు అవతలికి నడిచింది. పుల్ల గీసి సీసా మూతి దగ్గర పెట్టింది.

నీలంగా మంట లేచింది. గాలి మండదు.

పరుగున వెళ్లి స్విచ్ నొక్కేసింది. మూలుగు ఆగింది. రాచర్ల చుట్టూ మోటార్లన్నీ ఆగాయి. రిజిస్టర్‌లో రాసింది: "గాలి కాదు. గ్యాసు మండింది. నేనే ఆపాను." కింద సంతకం పెట్టింది.

మళ్లీ గంట మోగింది... కరెంటు లేని ట్రాన్స్‌ఫార్మర్‌కు.

వెళ్లి నిచ్చెనెక్కి చూసింది. డబ్బాలో నూనె దిగిపోయింది. అద్దానికి ఆవిరి పట్టింది. కొంగుతో తుడిచింది. పోలేదు, లోపలుంది. ఆవిరి విడిపోయింది... మళ్లీ పట్టింది... మళ్లీ విడిపోయింది. ఊపిరి తీస్తున్నట్టు.

"ఎంతసేపు ఊదుకుంటావో ఊదుకో మామా. నేను మాత్రం గాలి అని రాయను."

ఈసారి ఆవిరి విడిపోలేదు. అద్దం లోపలి వైపు సన్నగా ఒక గీత మొదలైంది. మెల్లగా వంపు తిరిగింది.

గ... తర్వాత దీర్ఘం.