ఆదివారం మగ్గం

ఆదివారం వచ్చిందంటే దేవదానం ఇంట్లో మగ్గం మీద గుడ్డ కప్పాల్సిందే. క్రైస్తవంలో కలిసిన నాటి నుంచి ఆయన పట్టు అది. పస్తులైనా ఉంటాడు గానీ ఆ రోజు మగ్గం నాడె ముట్టడు, ఎవరినీ ముట్టనివ్వడు. అబద్ధం మాట సరేసరి, చచ్చినా ఆడడు. గద్వాల నేతవాడలో చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతే ఇది.

ఆ ఆదివారం ఉదయం ఆయన గుడ్డ తీసుకుని రాగానే కోడలు అనంతమ్మ కాళ్ల మీద పడింది. మగ్గం గుంటలో ఆమె తమ్ముడు లింగయ్య ముడుచుకుని కూర్చున్నాడు. మూడు రంగుల జెండా ఎగరేశాడని నిజాం రజాకార్లు అతని కోసం ఇల్లిల్లూ గాలిస్తున్నారు.

“మామా, ఎవరన్నా అడిగితే ఇక్కడ లేడని చెప్పు. నీకు దండం పెడ్త.”

“దాచుకో, వద్దన. గని నాతోని అబద్ధమాడియ్యకు బిడ్డా. రేపు దేవునికి ఏం మొకం సూపియ్యాలె?”

“నీ నిజం నీకు బద్రంగనే ఉంటది. నా తమ్ముడే ఉండడు!”

అంతలో వీధిలో బూట్ల చప్పుడు. అనంతమ్మ ఏం చేస్తోందో తెలియకుండానే మగ్గంలో కూర్చుని, కాళ్లు గుంటలోకి దించి, కుచ్చెళ్లు పరిచి నేయసాగింది. పాదాల కింద తమ్ముడి వీపు వణుకుతోంది.

తుపాకీతో లోపలికొచ్చిన రజాకారు ఆ ఊరివాడే. ఇల్లంతా వెతికి మగ్గం దగ్గర ఆగాడు.

“ఏంది దేవదానం! ఇయ్యాల ఆదివారం గదా? మగ్గం నడుస్తుందేంది?”

అనంతమ్మ చేతిలో నాడె ఆగిపోయింది. తమ్ముణ్ణి దాచబోయి తానే పట్టించినట్టయింది.

దేవదానం మగ్గం ముందుకొచ్చాడు.

“గా ముచ్చట ఇడిసిపెట్టిన సాబ్. కడుపు కాలుతుంటే ఆదివారమేంది, సోమారమేంది? ఏమ్మా, చెయ్యి ఆపకు!”

“లింగడు రాలేదా?”

“రాలే.”

“మీ దేవుని తోడు?”

ముసలాయన కళ్లు మూసుకున్నాడు. “దేవుని తోడు.”

బూట్లు గడప దాటాయి. అనంతమ్మ బావురుమంది.

“నా మూలంగ పాపం కట్టుకున్నవు మామా!”

“పాపమేనేమో, తెల్వదు బిడ్డా. అడిగితే ఆయనకే చెప్త. పక్కోన్ని ప్రేమించుమన్నవు, పిల్లగాడు కాళ్లకింద వణుకుతుండు, నాకు ఇంకో తొవ్వ దొరకలేదని చెప్త.” ఆయన వీధి వైపు చూశాడు. “జర ఏడుపాపి నెయ్యి. వాళ్లింకా వాడ దాటలే.”

చేతిలోని గుడ్డ మడిచి పక్కన పెట్టి, దేవదానం రాట్నం ముందు కూర్చున్నాడు. క్రైస్తవంలో కలిశాక మొదటిసారి ఆదివారం పూట నాడెకు నూలు కండెలు చుడుతుంటే, ఆయన కన్నీళ్లకు పోగు తడుస్తూ ఉంది.