వంక మలుపు దగ్గర రెండో గేరు

సువర్ణకు అన్నింటికన్నా పెద్ద భయం ఒక్కటే. ఏదో ఒక సాయంత్రం వీరేష్ కారు తిరిగి రాకపోవడం, ఇంకా మూడేళ్ళు నిండని కొడుక్కి నాయన గోడ మీద ఫోటోగా మిగలడం.

ఈ భయం ఆమె ఎవరికీ చెప్పలేదు. పైకి అంటే నిజమవుతుందేమోనని ఇంకో భయం. అందుకే ప్రతి సాయంత్రం ఆరేసిన బట్టలు తీసే నెపంతో పిల్లవాణ్ణి చంకనేసుకుని మిద్దె ఎక్కేది.

సోమందేపల్లె దాటాక హైవే పక్కనే వీరేష్ మెకానిక్ షెడ్డు. షెడ్డు వెనకే ఇల్లు. పగలంతా ఊరివాళ్ళ కార్లు, ట్రాక్టర్లు బాగుచేస్తాడు. పొద్దు వాలగానే తన కారు బయటికి తీస్తాడు. చూడ్డానికి పాత చిన్న కారే. లోపల మాత్రం టర్బో బిగించిన ఇంజను. మట్టి రోడ్ల ర్యాలీల కోసం పెళ్ళికి ముందు నుంచే తన చేతులతో తయారు చేసుకున్నది. అది స్టార్ట్ అయితే నాలుగిళ్ళ అవతల ఉట్టి మీద గిన్నెలు మోగుతాయని, "వీరేష్ విమానం లేసింది" అని ఊరంతా నవ్వేది.

ఆ విమానం ప్రాక్టీసు ముగించుకుని వచ్చే దారిలో, ఇసుక వంక అనే వాగు దగ్గర ఒక మలుపు ఉంది. అక్కడికి రాగానే ఇంజను గొంతు ఒక్కసారిగా పైకి లేచేది. గేరు తగ్గిందన్నమాట. ఆ చప్పుడు చెవిన పడ్డాక సువర్ణ ఊపిరి వదిలి, కిందికి దిగి, టీ గిన్నె పొయ్యి మీద పెట్టేది. టీ పొంగేలోపు కారు వాకిట్లో ఉండేది.

"ఏమ్మే, ఈ ఇంట్లో బట్టలు రోజుకు రెండుసార్లు ఆరతాయా?" అని అడిగేది అత్త హనుమంతమ్మ.

"ఎండ బాగుండాది కదత్తా!"

"ఎండకేం కరువు మనకు. చేతులు బట్టల మీద, చెవులు వంక కాడ. నాకు తెలీదనుకున్నావా?"

ఆ చెవులు మామూలు చెవులు కావు. సువర్ణ వాళ్ళ నాయన జయరాముడు ధర్మవరంలో పట్టుచీరలు నేస్తాడు. ఎనిమిదో తరగతితో బడి మాన్పించి, కండెలు చుట్టడానికి మగ్గం పక్కన కూర్చోబెట్టాడు. "పోగు తెగితే కంటికంటే ముందు చెవికి తెలియల్ల" అనేవాడు. సువర్ణకు బడి చదువు ఆగిపోయింది గానీ ఈ చదువు బాగా వంటబట్టింది.

పెళ్ళిచూపులకు వీరేష్ ఆ విమానంలోనే వచ్చాడు. వీధి వీధంతా పెళ్ళికొడుకును చూస్తుంటే, కాఫీ తెచ్చిన పెళ్ళికూతురు గ్లాసు అందిస్తూ, "ఆ కారులో ఏదో వదులైనాది. నాలుగు దెబ్బలకొకసారి టిక్కుమంటాండాది" అంది.

పెద్దవాళ్ళు నాలుక కరుచుకున్నారు. వీరేష్ మాత్రం తెల్లచొక్కాతోనే కారు కిందికి దూరాడు. సైలెన్సర్ బోల్టు ఒకటి ఊడిపోవడానికి సిద్ధంగా ఉంది. ముక్కు మీద గ్రీజుతో పైకి లేచి, "వారం నుంచి దీని కోసం వెతుకుతాండా. కాఫీ తర్వాత తాగుతాం గానీ, ముందు ముహూర్తం చూడండి" అన్నాడు.

అటువంటి చెవులకు, పోయిన నెల నుంచి వంక మలుపు దగ్గర ఒక కొత్త చప్పుడు వినిపించసాగింది. ఇంజను గొంతు లేచే ముందు కర్రుమని ఒక చిన్న రాపిడి.

"ఏమయ్యా, నీ కారు పండ్లు కొరుకుతాండాది. రెండో గేరులో."

వీరేష్ టీ గ్లాసులోకి చూశాడు. "రెండో గేరని నీకెట్ల తెలుసు?"

"మగ్గం పక్కన కూర్చున్నోళ్ళకు తెలుస్తాది. ఏమైంది దానికి?"

"ఏమీ కాలేదులే. వీనికి బిస్కెట్ పెట్టు" అని లేచిపోయాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

సరిగ్గా ఆ వారమే వీరేష్‌తో పాటు ర్యాలీలు తిరిగిన శ్రీరంగప్ప బెంగళూరు నుంచి ఫోన్ చేశాడు. నడుం నొప్పితో రేసులు మానేశాడట. తన రేసు కారులోని గేర్ బాక్స్ ఇస్తానన్నాడు. బదులుగా తన జీపు ఇంజను పని చేసిపెడితే చాలు. ఇంకొకరు కూడా అడుగుతున్నారు కాబట్టి ఆదివారంలోగా చెప్పాలి.

"సీక్వెన్షియల్ గేర్ బాక్స్ సువర్ణా! బైకు మాదిరి. లివరు లాగితే పైకి, తోస్తే కిందికి. రెప్పపాటులో గేరు పడతాది."

"రెప్పపాటులో పడితే ఏమొస్తాది?"

"స్పీడ్."

"వద్దు."

"పూర్తిగా విను..."

"స్పీడన్నావు కదా. విన్నా."

వీరేష్ వాదించలేదు. "సరే. నువ్వు ఊఁ అంటేనే బిగిస్తా. లేదంటే లేదు" అన్నాడు.

దాంతో సువర్ణకు కోపం ఇంకా పెరిగింది. అతను గట్టిగా అడిగి ఉంటే తనూ గట్టిగా కాదనేది. భారమంతా తెచ్చి తన ఒడిలో పెట్టాడు! పాతది పళ్ళు కొరుకుతోంది, ఎప్పుడు మొరాయిస్తుందో తెలియదు. కొత్తది ఇంకా వేగంగా పోతుంది. ఇటు చూస్తే భయం, అటు చూస్తే భయం.

రెండు రోజులు ఆలోచించి చెప్పింది. "పాతదాన్ని గేర్ బాక్సుల గురప్ప మామకు చూపిద్దాం. ఆయన ఏమంటే అది."

"ఇప్పుడు దాన్ని విప్పేదెందుకు? టైము దండగ!" వీరేష్ కంగారుపడ్డాడు.

"నా దగ్గర ఏదో దాస్తాండావు."

"దాచేదేముండాది?"

"నీ చెవులు చూసుకో, టమాటాలు."

సువర్ణకు ఒకటే అనుమానం. తనకు తెలియకుండా ఏ కొండల్లోనో, ఏ ఘాట్ రోడ్డులోనో పందేలు వేస్తున్నాడేమో!

శనివారం పొద్దున గేర్ బాక్స్ దించి, గోనెసంచిలో చుట్టి, బస్సులో వేసుకుని బుక్కరాయసముద్రం పోయారు. పిల్లవాడు సువర్ణ ఒళ్ళో, మాటలు మాత్రం ఇద్దరి మధ్యా లేవు.

గురప్ప నలభై ఏళ్ళుగా గేర్ బాక్సులు తప్ప ఇంకేదీ ముట్టని మనిషి. దాన్ని విప్పి, ఒక్కో గేరునూ బొటనవేలితో తడిమాడు.

"మూడు బాగుండాది. నాలుగు బాగుండాది. అయిదు కొత్త పెండ్లికూతురు మాదిరి ఉండాది. రెండు... ఏమప్పా వీరేషూ, రెండుతో ఏం పగ నీకు?"

ఒక ఇత్తడి రింగును వెలుతురులో పట్టుకున్నాడు. "గేరు మెత్తగా పడాలంటే ఇది ఉండల్ల. చూడు, నా పండ్ల మాదిరే అరిగిపోయినాది. రేసుల్లో అరిగితే అన్నీ అరగల్ల. ఇది అట్ల కాదు. నాలుగు నుంచి నేరుగా రెండుకు కొడతాండావు, రోజూ. యాడప్పా అది?"

సువర్ణ వీరేష్ వైపు తిరిగింది. "చెప్పయ్యా. యాడికి పోతాండావు? ఏ కొండకు?"

వీరేష్ స్పానర్‌తో నేల మీద గీతలు గీశాడు. "యాడికీ లేదు. మన ఇసుక వంక మలుపు కాడ."

"ఆడ రెండో గేరు ఎందుకప్పా?" గురప్ప విస్తుపోయాడు. "బర్రెలు తిరిగే మలుపు అది. నాలుగులోనే హాయిగా తిరగొచ్చు!"

"తిరగొచ్చు మామా."

"మరి?"

వీరేష్ తల ఎత్తలేదు. "ఈమె మిద్దె మీద ఉంటాది."

ఆ తర్వాత తల ఎత్తి సువర్ణతోనే చెప్పాడు.

"పెండ్లయిన కొత్తల్లో ఒకనాడు ఆడ చేయి తప్పి రెండులో పడింది. కారు ఒకటే అరిచినాది. ఇంటికొస్తే నువ్వు టీ పెట్టుకుని నవ్వుతాండావు. అంతకుముందు రోజూ మబ్బు కోసం చూసే రైతు మాదిరి ఉండేది నీ మొగం. అప్పట్నుంచి రోజూ కొడతాండా. వచ్చేసినానని చెప్పనీకి."

"హారన్ కొట్టొచ్చు కదా!" అంది సువర్ణ. ఏదో ఒకటి అనకపోతే ఏడ్చేసేలా ఉంది.

"హారన్ ఊరందరికీ. ఇది నీకొక్కదానికే."

పిల్లవాడు గ్రీజు చేతితో అమ్మ చెంప మీద ఒక్కటి వేశాడు. సువర్ణ నవ్వుతూనే ఏడ్చింది.

గురప్ప గోడ వైపు తిరిగాడు. "ఎన్ని గేర్ బాక్సులు విప్పినానో లెక్కలేదు. లోపల లవ్ లెటరు దొరికింది మాత్రం ఈ పొద్దే."

తర్వాత అసలు సంగతికి వచ్చాడు. "రింగు మారిస్తే పాతదే పనిచేస్తాది. కానీ ఆ మలుపు కాడ నీ యవ్వారం మానుకోవల్ల."

"మానను మామా."

"అయితే కొత్త రింగూ అరుగుతాది. ఒకనాడు దిగుడులో నిజంగా రెండు కావల్సి వస్తాది, పడదు. ఏం చేస్తావు?"

సువర్ణ కొడుకును దగ్గరికి హత్తుకుంది. "కొత్త గేర్ బాక్స్ అయితే?"

"దాంట్లో ఈ ఇత్తడి రింగులే ఉండవు తల్లీ. ఇనుప పండ్లు. స్పీడుకనే కాదు, ఎంత గట్టిగా కొట్టినా కావల్సిన చోట గేరు పడతాది. అయితే ఒకటి. నాలుగు నుంచి రెండుకు ఎగిరి దూకేదానికి లేదు. మూడు మీదుగానే దిగల్ల, మెట్టు మెట్టుగా."

సువర్ణ కాసేపు లెక్క వేసుకుంది. "అంటే ఆ మలుపు కాడ రెండుసార్లు అరుస్తాదా?"

"రెండుసార్లు."

"ఏమయ్యా, శ్రీరంగప్పన్నకు ఫోన్ చెయ్యి."

"మరి స్పీడు..."

"స్పీడు సంగతి ఇంటికి పోయినాక నీతో మాట్లాడతా. ముందు ఫోన్ చెయ్యి."

పది రోజులకు కొత్త గేర్ బాక్స్ బిగించడం పూర్తయింది. తొలి పరుగు రోజున సువర్ణ మధ్యాహ్నం నుంచే మిద్దె మీద ఉంది. పిల్లవాణ్ణి అత్త తన దగ్గరే ఉంచుకుంది.

ఈ పక్క వాన అంటే, పెళ్ళిచూపులకొచ్చి కాఫీ తాగి కబురు చెప్పకుండా పోయే పెళ్ళికొడుకు లాంటిది. అటువంటిది ఆ సాయంత్రమే తాళి పట్టుకుని వచ్చినట్టు కురిసింది. షెడ్డు రేకుల మీద దడదడమని ఒకటే మోత. సువర్ణకు ఇంకేమీ వినబడలేదు. వీరేష్ వచ్చే వేళ దాటింది. మరో పది నిమిషాలు దాటింది.

"ఆగవే వానా, కొంచెంసేపు నోరు మూసుకోవే!" అని అరిచింది. ఈ సీమలో వానను తిట్టిన మొదటి మనిషి ఆమే అయి ఉంటుంది.

వాన ఏమనుకుందో ఏమో, కాస్త నెమ్మదించింది.

వంక వైపు నుంచి, ఎన్నడూ వినని సన్నని ఈల లాంటి గొంతు. పైకి లేచింది. ఒకటి.

సువర్ణ ఊపిరి బిగబట్టింది.

ఇంకా పైకి లేచింది. రెండు.

టీ గిన్నె మాట మరిచిపోయి, అత్త దగ్గరున్న పిల్లవాణ్ణి చంకనేసుకుని వాకిట్లోకే పరిగెత్తింది. వీరేష్ దిగాడు, మోకాళ్ళదాకా బురద. "ఆ మలుపుకు ముందే నిలబడిపోయినా. వాన తగ్గందే నీకు వినపడదు కదా! విన్నావా?"

"విన్నా. రెండు."

"మొదటిది నీకు. రెండోది వీనికి."

"ఇంత ప్రేమ నోటితో చెప్పొచ్చు కదయ్యా!"

"చెప్పొచ్చు. చెవులు ఎర్రగయితాయి" అన్నాడు. అప్పటికే అయ్యాయి.

"కన్నతల్లికేమీ లేదా?" గుమ్మంలోంచి హనుమంతమ్మ.

"నీకూ ఒకటి కొట్టమంటావామ్మా?"

"నాకెందుకప్పా? నాకేమన్నా భయమా?"

వచ్చే ఆదివారం కణేకల్ వైపు మట్టి రోడ్ల మీద ర్యాలీ. వీరేష్ కారు నడుపుతాడు. సువర్ణ ముగింపు గీత దగ్గర నిలబడి వింటుంది. పిల్లవాడు నాయనమ్మ దగ్గర ఉంటాడు.

ఆ రోజు మీలో ఎవరైనా సోమందేపల్లె మీదుగా పోతుంటే, హైవే పక్కన రేకుల షెడ్డు వెనక మిద్దె వైపు ఒకసారి చూడండి. మనవణ్ణి చంకనేసుకుని, ఎప్పుడో ఆరిపోయిన బట్టలను మూడోసారి తీస్తూ ఒక పెద్దావిడ కనిపిస్తుంది. భయమేమీ లేదనే చెబుతుంది. నమ్మకండి. రెండు నిమిషాలు ఆగి, ఆమె అన్నం తినిందో లేదో కనుక్కుని పొండి.