దాచుకోమన్న ఫోటో

"మా ఆవిడ గురక మానేసింది!"

బస్టాప్ మీద పెద్ద బోర్డు. ఆ మాట పక్కనే ఇంత మొహంతో నవ్వుతున్న లైబ్రేరియన్. ఆమెకింకా పెళ్లే కాలేదు. లైబ్రరీలో కాలేజీ పిల్లలు ఆమె అటు తిరగ్గానే సన్నగా గురక పెట్టడం మొదలెట్టారు. మధ్యాహ్నానికి ఓపిక నశించి, వానలోనే వీధి చివరి ఫోటో స్టూడియోకి వెళ్లింది.

"ఏవండీ ఫోటోగ్రాఫర్ గారూ! నా మొగుడెవరో కాస్త చెప్తారా?"

లెన్స్ తుడుస్తున్న కుర్రాడు తెల్లబోయాడు.

"మీకు పెళ్లయిపోయిందా?" అన్నాడు, పాపం, ప్రాణం పోయినట్టు.

"గురక మందు కంపెనీ చేసేసింది! ఐడీ కార్డుకని తీసిన ఫోటో అమ్ముకుంటారా?"

"అయ్యో, నేను అమ్మలేదండీ! మీరు నవ్విన ఫోటో బావుందని, దాచుకోనా అని అడిగాను. దాచుకోండి అన్నారు. దాచుకున్నాను."

"దాచుకోమంటే దండోరా వేస్తారా?"

లోపలి గదిలోంచి స్టూడియో ఓనరు తొంగిచూశాడు. కుర్రాడికి మేనమామ.

"నేనే ఇచ్చానమ్మా. మా స్టూడియోలో తీసిన ఫోటో మాదే కదా!"

"ఫోటో మీదైతే కావచ్చు. మొహం నాది!"

సాయంత్రం ఆమె లాయరు పిన్ని దగ్గర కూర్చుని కళ్లు తుడుచుకుంది.

"ఏడవకే. మనిషి ఒప్పుకోకుండా ఆ మొహంతో వ్యాపారం చెయ్యకూడదు. బోర్డు దింపించొచ్చు, నష్టపరిహారం అడగొచ్చు. కానీ నువ్వే సరేనన్నావని స్టూడియోవాళ్లు అంటారు. నువ్వు దేనికి సరేనన్నావో చెప్పే సాక్షి కావాలి."

సాక్షి ఉన్నది ఒక్కడే. వాడు తినేది మేనమామ ఇంట్లో. ఆమె ఆశ వదిలేసుకుంది.

మర్నాడు పొద్దున్నే అతనే పిన్ని ఇంటికొచ్చాడు, నిలువునా తడిసి.

"మావయ్యకి చెప్పే వచ్చానండీ. ఇంక గడప తొక్కొద్దన్నాడు. అత్తయ్య మాత్రం భోజనానికి రమ్మంది."

ఆమెకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఇంత మంచివాడినా నిన్న అంతలేసి మాటలన్నాను అనుకుంది.

పిన్ని లాప్‌టాప్ తెరిచింది. "ఆ ఫోటో వ్యాపారం కోసం అడిగావా బాబూ?"

"లేదండీ."

"మరి దేనికి? ఇది తేలకపోతే కేసు నిలవదు."

అతను ఫ్యాను కేసి చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. "చూసుకోవడానికండీ."

"ఎవరు?"

"నేనే. రోజూ."

పిన్ని కళ్లజోడు తీసేసింది. "ఫోటోనేనా, మా పిల్లని కూడా చూసుకుంటావా?"

"ఆవిడ ఒప్పుకుంటేనే కదండీ! ఒప్పుకోకుండా ఏదీ చెయ్యకూడదుగా."

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు. ఆమె తల దించుకుని పమిట చివర మెలితిప్పింది.

"ముందా బోర్డు దింపించండి. ఇంకొకడి పెళ్లాంగా బస్టాప్‌లో వేలాడుతూ మీతో పెళ్లికెలా ఒప్పుకోను?"

నోటీసు అందగానే కంపెనీవాళ్లు క్షమాపణ చెప్పి బోర్డు దింపించారు. అది లారీ ఎక్కేదాకా ఇద్దరూ బస్టాప్‌లో నిలబడి చూశారు.

"ఇప్పుడో?" అన్నాడతను.

"ఒప్పుకున్నాను," అంది.