మాణిక్యాంబ గారి తొట్టిలో పాకేది

తెనాలి నుంచి చేబ్రోలు వెళ్ళే రోడ్డు మీద, కాలవ దాటగానే ఎడమచేతివైపు ఒక మేడ ఉండేది. చీకటి పడ్డాక ఆ మేడ ముందు సైకిలు మీద పోయేవాళ్ళు బెల్లు కొట్టేవాళ్ళు కాదు. కొడితే అది పిలుపనుకుని బయటికొస్తుందిట.

ఏది వస్తుందిట? అదేనండీ... తొట్టిలోది.

తొట్టంటే గేదెలకి కుడితి పోసే తొట్టి అనుకునేరు! ఈత కొట్టే తొట్టి. ఆ మేడగలావిడ మాణిక్యాంబ గారు. రైసుమిల్లు ఆవిడదే, భర్త పోయి చాలా కాలమైంది. ఆవిడకి పక్షవాతం వచ్చి ఎడమకాలు పడిపోతే, గుంటూరు డాక్టరు ఒకటే మాట చెప్పాడు. "రోజూ నీళ్ళల్లో నడవాలండి. వెనక నుంచి ఒకరు పట్టుకుని నడిపించాలి. మానేశారా, ఇంక కుర్చీలోంచి లేవరు." ఆవిడ వెంటనే పెరట్లో మామిడిచెట్టు కొట్టించి తొట్టి కట్టించింది. ఊరంతా బుగ్గలు నొక్కుకుంది. నొక్కుకోనీండి, కాలు వాళ్ళది కాదుగా!

ఓడల్లో పనిచేసే ఆవిడ తమ్ముడు ఏ దేశం నుంచో ఒక మిషను కూడా తెచ్చిచ్చాడు. చూడ్డానికి పెద్ద తాబేలులా ఉంటుంది, తోక స్థానంలో పొడుగాటి రబ్బరు గొట్టం. దాన్ని నీళ్ళల్లో పడేస్తే అడుగున తనంతట తనే పాకుతూ మట్టీ ఆకులూ మింగేసి, తొట్టి శుభ్రం చేస్తుంది. మనిషి దిగక్కర్లేదు.

కొన్నాళ్ళు బాగానే పాకింది. తర్వాత మొదలైంది గోల. అర్ధరాత్రిళ్ళు తొట్టి నైరుతి మూల నుంచి మూలుగు... గుర్ర్... గుర్ర్... ఎవరో గొంతు పిసుకుతున్నట్టు. దానికితోడు నీళ్ళల్లో తెల్లగుడ్డల మనిషి నడుస్తోందని గోడ పక్కవాళ్ళు చూసొచ్చి జ్వరాలు పడ్డారు. వాచ్‌మన్ జీతం కూడా అడక్కుండా పారిపోయాడు. ఆవిడని పట్టుకుని నడిపించే ఆయా దానమ్మ, చెప్పులు వదిలేసి మరీ పోయింది. చివరికి మూలిగీ మూలిగీ మిషనూ ఆగిపోయింది. నీళ్ళు పచ్చబడి, మెట్లు పాకుడు పట్టి, కాలు పెడితే జారిపోయే స్థితికొచ్చాయి. మాణిక్యాంబ గారు మళ్ళీ కుర్చీకి అతుక్కుపోయింది. బాగుచెయ్యమంటే తెనాలిలో ఉన్న మెకానిక్కులందరికీ ఒకేసారి మేనత్తలు పోయారు.

అప్పుడు పిలిపించారు సింగయ్యని.

సింగయ్యది పెనుమూడి. కృష్ణ దాటించే లాంచీల ఇంజన్లు బాగుచేస్తాడు. పనిలో మంచివాడే గానీ ఆ నోరుందే! "నేను విప్పాక తిరగనన్న మిషను ఇంతవరకు పుట్టలేదు" అని రేవులో నలుగురి ముందూ అనేవాడు. మిల్లు గుమాస్తా వచ్చి, మిషనుందని చెప్పాడు గానీ, దాంతోపాటు ఇంకోటి కూడా ఉందని చెప్పలేదు. ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది, మండువేసవి. సింగయ్య స్పానర్ల సంచీ భుజాన వేసుకుని తెనాలిలో బస్సు దిగాడు.

మేడ ఎదురుగా వెంకట్రామయ్య టీకొట్టు. టీతోపాటు నిమ్మకాయ సోడాలూ అమ్ముతాడు.

"ఎవరింటికి అబ్బాయ్?" అన్నాడు వెంకట్రామయ్య.

"ఆ మేడలోకి బాబాయ్. మిషను బాగుచెయ్యాలి."

వెంకట్రామయ్య టీ వడకట్టడం ఆపాడు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, మూలుగు దగ్గర్నుంచి దానమ్మ చెప్పుల దాకా అంతా చెప్పాడు. చెప్పి, "టీ డబ్బులు ఇప్పుడే ఇచ్చెయ్" అన్నాడు.

సింగయ్య డబ్బులిచ్చేశాడు. నిజం చెప్పాలంటే వాడికి దెయ్యాలంటే చచ్చేంత భయం. కానీ వెనక్కి పోతే రేవులో తలెత్తుకోవడం ఎట్లా? మనసులో గంగమ్మ తల్లికి మొక్కుకుని గేటు తోశాడు.

మాణిక్యాంబ గారు వరండాలో చక్రాల కుర్చీలో కూర్చునుంది. కాలు బిగుసుకుపోయింది గానీ నోరు చక్కగా ఆడుతోంది.

"ఏమయ్యా, ఆ మొహమేంటి? కొట్టు దగ్గర టీ తాగొచ్చావా?"

"అవునండి."

"అయితే కథ వినే ఉంటావులే. దెయ్యం సంగతి నేను చూసుకుంటాను, నువ్వు మిషను సంగతి చూడు. నెల్లాళ్ళ నుంచి నీళ్ళల్లో దిగలేదు. ఇంకో నెల ఇట్లాగే ఉంటే ఈ కాలు కట్టెల్లో పెట్టుకోడానికే పనికొస్తుంది." ఆ చివరి మాట దగ్గర ఆవిడ ఆ కాలుని చేత్తో ఎత్తి పక్కకి సర్దుకుంది. సింగయ్యకి జాలేసింది.

మిషనుని గట్టుకి లాగాడు. అలవాటు చొప్పున ముందు ఇంజను ఎక్కడుందా అని వెతికాడు. మరలన్నీ విప్పాడు. బోర్లించాడు, వెల్లకిలా తిప్పాడు. ఇంజను లేదు! తీగె లేదు, బ్యాటరీ లేదు, లోపల ఒట్టి డొల్ల. ఒక రబ్బరు నాలుక మాత్రం ఉంది.

"అమ్మగారూ..." సింగయ్య మిషనుకి రెండడుగులు దూరం జరిగాడు. "ఇంజను లేకుండా ఇది పాకేదేంటండీ?"

"నీ మొహం! గొట్టం రెండో కొస మోటారుకి ఉందిగా. మోటారు నీళ్ళు పీలుస్తుంటే ఆ నాలుక టకటకా కొట్టుకుంటుంది. ఆ అదురుకి ఇది ముందుకి జరుగుతుంది. అంతే."

సింగయ్య సిగ్గుపడి పన్లో పడ్డాడు. గొట్టాన్ని చూస్తే, మొక్కలకి నీళ్ళు పెట్టే పైపులా వాచ్‌మన్ దాన్ని చుట్టలు చుట్టి ఎండలో పడేసి ఉంచాడు. అది ఆ వంపులోనే బిగుసుకుపోయింది. మరి మిషను తిరిగి తిరిగి నైరుతి మూలకే పోక ఎక్కడికి పోతుంది? గొట్టాన్ని తిన్నగా పరిచి బరువులు పెట్టాడు. మోటారు దగ్గరున్న జల్లెడ బుట్టలో కుళ్ళిన ఆకులు తీసి కడిగాడు. అన్నీ బిగించాడు. కానీ ఆడించి చూడాలంటే కరెంటు కావాలిగా! ఆ వేసవిలో మోటార్లకి కరెంటు రాత్రిళ్ళే వదిలేవాళ్ళు. ఖర్మ! ఆగక తప్పలేదు.

కరెంటు వచ్చేదాకా ఊరికే ఉండలేక కొబ్బరి పీచు తీసుకుని మెట్ల మీద పాకుడు తోమాడు. చీకటి పడింది. మాణిక్యాంబ గారు లోపలికి వెళ్ళిపోయింది. లాంతరు పక్కన పెట్టుకుని, మిషనుని పైమెట్టు మీద నీళ్ళల్లో ఉంచి, సింగయ్య గట్టు మీద కూర్చున్నాడు. గాలి లేదు. కప్పలు కూడా అరవడం లేదు... ఆంజనేయ దండకం ఎత్తుకుంటే రెండో ముక్క గుర్తు రాలేదు. మొదటి ముక్కనే తిప్పి తిప్పి చదువుతున్నాడు.

ధడ్!

మోటారు గదిలో చప్పుడు. గదిలో ఎవరూ లేరు. తలుపు తెరిచే ఉంది, లోపలంతా చీకటి... మోటారు దానంతటదే హోరెత్తింది. గొట్టం ఒక్కసారి ఒళ్ళు విరుచుకుంది. మెట్టు మీదున్న మిషను కదిలింది... జరిగింది... బుడుంగున నీళ్ళల్లోకి దిగిపోయింది.

గుర్ర్... గుర్ర్ర్...

సింగయ్య పైప్రాణాలు పైనే పోయాయి. గేటు దగ్గరికి పరిగెత్తాడు. తాళం! లాంతరుతో సహా వెనక్కి పరిగెత్తి, తెరిచున్న తలుపు అదొక్కటే కాబట్టి, నేరుగా మోటారు గదిలోనే దూరాడు. ఎదురుగా గోడకి స్టార్టరు.

దాని పచ్చ బటను సందులో... విరిచి దోపిన చీపురుపుల్ల.

సింగయ్య కాసేపు ఆ పుల్ల వంకే చూశాడు. భయం పోయి ఒళ్ళు మండింది. పెనుమూడిలో ఏ పొలం మోటారు చూసినా ఇదే పుల్ల! కరెంటు అర్ధరాత్రి ఎప్పుడొస్తుందో తెలీదు, లేచి బటను నొక్కాలంటే బద్ధకం, అందుకని పుల్ల దోపి పడుకుంటారు. కరెంటు రాగానే మోటారు దానంతటదే ఆడుతుంది. వాచ్‌మన్ గారు పుల్ల దోపి, ఆ సంగతే మర్చిపోయి, తను దోపిన పుల్లకి తనే భయపడి పారిపోయాడన్నమాట!

"దరిద్రుడా!" అని, సింగయ్య పుల్ల పీకి పారేశాడు. మోటారు ఆపాడు. మూలుగు ఆగింది.

ఇంక ధైర్యమొచ్చింది. మిషనుని పైకి లాగి, పగలు విప్పకుండా వదిలేసిన గొట్టం మొదట్లో, దాని గొంతులోకి మోచేతి దాకా చెయ్యి పెట్టాడు. వేళ్ళకి ఏదో తగిలింది... జుట్టులా ఉంది, తడిగా. ఇంకొంచెం లోపల... గుండ్రంగా, మెత్తగా, కనుగుడ్లలా...

కళ్ళు గట్టిగా మూసుకుని ఒక్క గుంజు గుంజాడు.

కొబ్బరి పీచు. ఎర్రగుడ్డ పేలికలు. పగిలిన గాజులు. కుళ్ళిపోయిన నిమ్మకాయలు, కుంకం పూసినవి!

వీధిలోవాళ్ళు దెయ్యాన్ని శాంతింపజెయ్యడానికి గోడ మీదుగా విసిరిన దిష్టి సామానంతా మిషను బుద్ధిగా మింగింది. మింగి మూలిగింది. మూలిగిందని వీళ్ళు ఇంకాసిని విసిరారు. పాపం ఏనాటి తాబేలో, ఊరి నిమ్మకాయలన్నీ తిని చచ్చింది.

సింగయ్య పగలబడి నవ్వాడు. గొంతు కడిగి, నాలుక సరిచేసి మళ్ళీ నీళ్ళల్లో వదిలి బటను నొక్కాడు. టక్... టక్... టక్... చక్కగా నాలుగు మూలలా పాకింది.

"రేపు తెనాలంతా చాటింపేస్తా, ఇక్కడ దెయ్యం లేదూ గియ్యం లేదూ అని!"

"చాటావంటే నాలుక కోస్తా."

వెనక నుంచి వచ్చిందా మాట. తిరిగి చూశాడు. చీకట్లో నిలువునా తెల్లగా... ఒక కాలు ఈడ్చుకుంటూ...

లాంతరు చేతిలోంచి జారిపోయింది. అదృష్టం, పగల్లేదు.

మాణిక్యాంబ గారు. భర్త తెల్లపంచె గోచీ పోసి కట్టి, పైన ఆయన లాల్చీ తొడుక్కుని, చేతికర్రతో నించుంది.

"చీర నీళ్ళల్లో కాళ్ళకి చుట్టుకుంటుందయ్యా, అందుకని ఈ వేషం. తెల్లగుడ్డల దెయ్యాన్ని నేనే. మొదట్లో పగలే దిగేదాన్ని. వీధిలో కుర్రకుంకలు గోడెక్కి కూర్చుని, నేను కాలీడ్చుకుంటుంటే చూసి నవ్వేవాళ్ళు. గదిలో కూర్చుని ఎంత ఏడ్చానో నాకే తెలుసు. అందుకే చీకటి పడ్డాక దిగడం మొదలెట్టాను. ఈ దెయ్యం మాట పుట్టాక ఒక్క తలకాయ గోడ మీద కనపళ్ళేదు. నువ్వు మిషను బాగుచేశావు, సంతోషం. నా దెయ్యాన్ని మాత్రం పాడుచెయ్యకు."

సింగయ్య తల గోక్కున్నాడు. "చాటనులెండి. మరి ఆ నిమ్మకాయలు మళ్ళీ గొంతులో పడతాయి కదండీ?"

"అదీ నిజమే."

"ఈసారి పెనుమూడి నుంచి పాత చేపలవల తెచ్చి, గోడ లోపలివైపు పొడుగునా కడతానండి. పడ్డవన్నీ వల్లో పడతాయి. బాగున్నవి ఏరుకుని ఊరగాయ పెట్టుకోండి."

ఆవిడ కిసుక్కున నవ్వింది. అంతలోనే కరెంటు పోయింది. మోటారు ఆగింది. సింగయ్య మిషనుని గట్టెక్కించాడు.

"దిగుతానయ్యా. ఇంక ఆగలేను."

"నీళ్ళింకా పచ్చగానే ఉన్నాయండీ. బ్లీచింగు కొట్టి రెండ్రోజులు..."

"నేనేమన్నా తాగుతానా? మెట్లు తోమావుగా, చాలు."

"పట్టుకునేవాళ్ళు ఉండాలన్నారు కదండీ డాక్టరు గారు?"

"దానమ్మ పోయాక కూడా దిగానుగా. ఏంటో, ఈ నీళ్ళల్లో పడతానని భయమే వెయ్యదు. నువ్వు అటు తిరిగి పడుకో."

సింగయ్య అటు తిరిగి, మిషనుకి తువ్వాలు చుట్టి తల కింద పెట్టుకుని పడుకున్నాడు. నీళ్ళ చప్పుడు... మెల్లగా, ఒక అడుగు, ఇంకో అడుగు. మధ్యలో ఒక్కసారి, తప్పేనండి, ఓరకంట చూశాడు. ఆవిడ కర్ర గట్టు మీదే ఉంది. నీళ్ళ మధ్యలో నిటారుగా నడుస్తోంది. ఆవిడ వెనకాలే ఇంకో అల. మిషను పాకుతోంది కాబోలనుకుని, మగత కమ్మి నిద్రపోయాడు.

పొద్దున్నే టీకొట్టు దగ్గర ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాడు. మొహం వేలాడేసి, గ్లాసు వణికించి మరీ చెప్పాడు. "ఉంది బాబాయ్. కళ్ళారా చూశా. తెల్లగుడ్డలు... జుట్టు విరబోసుకుని..."

వెంకట్రామయ్య ఎగాదిగా చూశాడు.

"ఏరా, మాకు చెవిలో పువ్వులు పెడుతున్నావా? తెల్లగుడ్డలావిడ మాణిక్యాంబ గారేనని వీధంతటికీ తెలుసు. ఆవిణ్ణి చూసి ఎవడు పారిపోతాడు?"

"మరి...?"

"నిన్న నీకు చెప్పని సంగతొకటుంది. ఆవిడ వెనక, రెండు చంకల కిందా చేతులేసి పట్టుకుని నడిపిస్తాడే... ఆ పొడుగాటాయన. ఆయన్ని చూసేరా కుర్రాళ్ళు గోడ దిగింది." వెంకట్రామయ్య గొంతు తగ్గించాడు. "ఒంటి మీద లాల్చీ ఉండదు పాపం. పంచె సంగతి తెలీదు, నడుం దాకా నీళ్ళల్లోనే ఉంటాడుగా."

సింగయ్య నోటి దగ్గర టీ అక్కడే ఆగిపోయింది. కరెంటు పోయింది రాత్రి. మిషను తన తల కింద ఉంది.

గ్లాసు కింద పెట్టాడు. రెండు నిమ్మకాయలు కొన్నాడు. ఒకటి గోడ మీదుగా లోపలికి విసిరి దణ్ణం పెట్టాడు. రెండోది జేబులో వేసుకుని రేపల్లె బస్సెక్కాడు.